గాలి కదలని ఆదివారం

ఆ వసంతంలో మా ఆయన తీసిన ఫొటోలన్నీ మసకగా వచ్చాయి.

మొదట్లో నేను పట్టించుకోలేదు. మార్చి నెలాఖరు. కొండ మీద ఓక్ చెట్లు ఇంకా చిగురు వేయలేదు. రొట్టెల దుకాణంలో వారమంతా నిలబడి చేసే పని నాది. ఆదివారం అడవికి వెళితే నాకు కావలసిందల్లా కూర్చోవడానికి ఒక ఎండు దుంగ, కాళ్ళు చాపుకోవడానికి కాస్త చోటు. లూబెన్ సంగతి వేరు. పాత ప్లాస్టిక్ టేబుల్ గుడ్డ ఒకటి నేల మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుని, కుళ్ళిన మొద్దు మీది నాచులోకి కెమెరా దూర్చి, ఊపిరి బిగబట్టేవాడు. చీమ తలకాయంత ప్రాణిని గుర్రం తలకాయంత చేసి చూపించే ఫొటోలు ఆయనవి.

"దోబ్రినా, ఇలా వచ్చి గొడుగు పట్టు," అన్నాడు.

"వాన లేదుగా."

"గాలుంది."

గాలికి గొడుగు అడ్డం పట్టడం అడవిలో నా ఉద్యోగం. లేచాను. గొడుగు పట్టుకుని వంగి నిలబడ్డాను. నాచు కాడ చివర మంచుబొట్టు, దాని పక్కన ఎర్రటి చిన్న పురుగు. కళ్ళజోడు పెట్టుకుంటే గానీ నాకు కనబడలేదు. ఆయన వరసగా మీట నొక్కుతూ పోయాడు. తర్వాత లేచి కూర్చుని ఒక్కొక్కటే తెర మీద చూసుకుంటూ, "ఛ," అన్నాడు. ఇంకొకటి చూశాడు. "ఛ ఛ."

ఆయన సరంజామా చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. సంతలో కొన్న పాత కెమెరా, దాని తెర మీద అడ్డంగా ఒక పగులు. సోవియట్ కాలం నాటి లెన్సు. ఆ రెంటికీ మధ్య, చిన్నవి పెద్దగా కనబడాలని బోలు రింగులు, రింగులు ఊగకుండా నల్ల టేపు. వెలుగు మెత్తగా పడాలని పెరుగు డబ్బా అడుగు కోసి ఫ్లాష్ ముందు రబ్బరు బ్యాండుతో కట్టేవాడు. ఆ తెల్ల డబ్బా మీద ఆవు బొమ్మ సగం ఇంకా ఉండేది. అలాంటి సరంజామాతోనే అంతకుముందు ఏడాది తూనీగ కంట్లోని గళ్ళన్నీ లెక్కపెట్టేటంత స్పష్టంగా తీశాడు.

"రింగు వదులైంది. అందుకే," అని, కూర్చున్నచోటే టేపు పీకి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. టేపు చివర దొరకడానికి చాలాసేపు పట్టింది. నేను తీసిస్తానంటే వద్దన్నాడు.

అప్పట్లో మా ఆయన కట్టుడు పళ్ళ సెట్లు చేసేవాడు. డాక్టర్ వెలిచ్కోవా నోటి అచ్చులు తీసి పంపితే, ఇంటి కింది గదిలో కూర్చుని మైనంతో, సున్నంతో, గులాబీరంగు ముద్దతో చిగుళ్ళు పోసి పళ్ళు అమర్చేవాడు. మా చిన్న ఊళ్ళో ముసలివాళ్ళు సగం మంది నమిలేది ఆయన చేసిన పళ్ళతోనే. వీధిలో ఎవరైనా నవ్వుతూ ఎదురైతే, "అది నాదే," అని నా చెవిలో అనేవాడు. ఆ మాటకి నేను ప్రతిసారీ నవ్వేదాన్ని. ఆ వసంతంలో ఆయన ఆ మాట అనడం మానేశాడని నాకు ఆలస్యంగా తట్టింది.

ఏప్రిల్లో ఆయన పుట్టినరోజుకి మా అక్క నెవెనా ప్లోవ్‌దివ్ నగరం నుంచి వచ్చింది. నేను బనిత్సా చేశాను. జున్ను పొరలు పొంగి, పైపెంకు కరకరలాడుతూ బాగా వచ్చింది. అక్క రాకియా సారా గ్లాసు పక్కన పెట్టి, సంచిలోంచి ఒక కెమెరా తీసింది. తన కొడుకు వాడి పక్కన పడేసినదట.

"పాతదే మరిదీ, కానీ నీ డొక్కు కంటే నయం. చెయ్యి కదిలినా ఫొటో కదలనివ్వదట ఇది. వాడు చెప్పాడు."

లూబెన్ మొహం ఎర్రబడింది.

"నా చెయ్యి కదులుతోందని నీతో ఎవరన్నారు?"

"ఎవరంటారయ్యా? కెమెరా గొప్ప చెప్తున్నా."

"నాకక్కర్లేదు. తీసుకుపో."

"పుట్టినరోజు నాడు ఎవరైనా ఇచ్చింది వద్దంటారా?"

"నా డొక్కు నాకు చాలన్నాను కదా!" అని గట్టిగా అరిచి, లేచి కిందికి వెళ్ళిపోయాడు. పళ్ళెంలో బనిత్సా అలాగే ఉంది. అక్క నోరు తెరుచుకుని నా వైపు చూసింది.

"ఏమైందే మీ ఆయనకి? ఇలా అరిచే మనిషి కాదే."

"పని ఎక్కువైంది అక్కా," అన్నాను. ఆ కెమెరా మళ్ళీ ఆమె సంచిలోకే వెళ్ళింది.

ఆ తర్వాత నుంచి నేను చూడటం మొదలుపెట్టాను. చూడకూడదనుకుంటూనే చూశాను. సూపు గిన్నె సగం కంటే ఎక్కువ నింపనివ్వడం లేదు. నేను గిన్నెలు కడగడానికి అటు తిరిగినప్పుడే తాగుతున్నాడు. కాఫీ చిన్న కప్పు మానేసి పెద్ద మగ్గు పట్టాడు. చొక్కాలు వదిలేసి తల మీంచి తొడుక్కునే స్వెటర్లే వేసుకుంటున్నాడు. అడవిలో మోచేతుల కింద పెట్టుకోవడానికి చిక్కుడు గింజలు పోసి ఒక దిండు కుట్టమన్నాడు. కుట్టిచ్చాను. దాని మీద కెమెరా ఆనించి తీశాడు. అయినా మసకే. సాలీడు కళ్ళు రావాల్సిన చోట దాని వెనక గడ్డిపోచ వచ్చేది. అంత దగ్గర్నుంచి తీస్తే ఫొటోలో స్పష్టంగా ఉండే పొర వెంట్రుక మందమే ఉంటుందట. ఊపిరి తీస్తే చాలు, అది జారిపోతుందట. ఆయనే ఒకప్పుడు నాకు చెప్పాడు.

"లెన్సులో బూజు పట్టినట్టుంది," అనేవాడు ఒక ఆదివారం.

"అయ్యుంటుంది," అనేదాన్ని.

"బ్యాటరీ పాతదైతే కూడా ఇలాగే అవుతుంది," అనేవాడు ఇంకో ఆదివారం.

"కొత్తది వేయించు మరి."

వారమంతా రొట్టెలు మోసి, ఆదివారం ఈ మాటలు మోసేదాన్ని. ఇంటికి వచ్చేసరికి ఎందుకింత అలసటో నాకే తెలిసేది కాదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఇద్దరం ఒకే సంగతి చుట్టూ కాళ్ళు తగలకుండా జాగ్రత్తగా నడుస్తున్నాం.

ఒక పొద్దున గీనా అవ్వ దుకాణానికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఆమె నోరంటే వీధి మొత్తానికి హడల్. వెనక జనం ఉన్నారని కూడా చూడకుండా గల్లా బల్ల మీద మోచేతులు ఆనించింది.

"ఏమే అమ్మాయ్, మెత్తటి రొట్టె ఇవ్వు. పైన గట్టి పెంకు లేనిది."

"నీకెప్పుడూ పెంకు మాడిన రొట్టె కావాలి కదా అవ్వా?"

"మీ ఆయన చేసిన పళ్ళతో పెంకు కూడానా! మూడుసార్లు వెనక్కి పంపాను. ఒకవైపు పైకి లేస్తాయి, ఇంకోవైపు చిగురు కోసేస్తాయి. నిన్న చర్చిలో దండం పెట్టుకుంటూ ఉంటే నోట్లోంచి ఊడి బయటికొచ్చాయే. పాదిరీ గారు జడుసుకున్నారు!"

వెనక ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వబోయాను, మొహం కదల్లేదు.

"ఈసారి ముద్ద మంచిది రాలేదవ్వా. అందరివీ అలాగే వస్తున్నాయి," అన్నాను.

"ముద్దో సుద్దో. ముసలిది ఇవాళో రేపో పోతుంది, దీనికెందుకు పళ్ళు అనుకుంటున్నాడేమో. ఇంకో పదేళ్ళు ఉంటానని చెప్పు వాడికి!"

మధ్యాహ్నం డాక్టర్ వెలిచ్కోవా ఫోన్ చేసింది. మర్యాద తెలిసిన మనిషి. "దోబ్రినా గారూ, లూబెన్ గారికి ఒంట్లో బాగానే ఉందా?" అని మాత్రం అడిగింది. బాగానే ఉందన్నాను. ఆమె సరేనండీ అని పెట్టేసింది.

మే నెలలో అడవి కమ్ముకుంది. ఓక్ ఆకులు చేతి వెడల్పు అయ్యాయి. ఆ ఆదివారం ఎక్కడా గాలి లేదు. గొడుగు మూసి దుంగకి ఆనించాను. లూబెన్ ఒక గెంతే సాలీడుని కనిపెట్టాడు. గోధుమ గింజంత ఉంది. ఎండు ఆకు అంచున కూర్చుని మమ్మల్నే చూస్తున్నట్టుంది. ఆయన చాలాసేపు దాని ముందు పడుకున్నాడు. భుజాలు బిగుసుకుపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి కెమెరాని దిండు మీద వదిలి లేచాడు.

"ఒంటేలుకి వెళ్ళొస్తా. అది పారిపోకుండా చూడు," అని చెట్ల వెనక్కి వెళ్ళాడు.

సాలీడు కదల్లేదు. నాకెందుకు బుద్ధి పుట్టిందో తెలియదు. బహుశా నిలబడి నిలబడి నడుం లాగేస్తోంది, పడుకోవాలనిపించింది. టేబుల్ గుడ్డ మీద ఆయన ఒంటి వెచ్చదనం ఇంకా ఉంది. బోర్లా పడుకుని కెమెరాకి కన్ను ఆనించాను. అంతా పొగలా ఉంది. ఆయన చేసేటట్టే ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊగాను. పొగలోంచి నాలుగు కళ్ళు నల్లగా, నిగనిగలాడుతూ తేలి వచ్చాయి. మీట నొక్కాను. ఫ్లాష్ వెలిగింది.

తెర మీద వచ్చింది చూశాను.

ప్రతి వెంట్రుకా కనిపిస్తోంది. కళ్ళలో పైనున్న చెట్ల కొమ్మలు, వాటి మధ్య ఆకాశం ముక్క కూడా కనిపిస్తోంది. లెన్సుకి బూజు లేదు. రింగు వదులు కాదు. బ్యాటరీకి ఏమీ కాలేదు.

చెరిపేసే మీట ఎక్కడుందో నాకు తెలుసు. ఆయన దాన్ని అన్నిసార్లు నొక్కడం చూశాను. దాని మీద బొటనవేలు పెట్టాను. వెనక ఆకులు గలగలమన్నాయి.

"ఏం తీశావు?"

"ఏం లేదు. ఊరికే."

"చూపించు."

కెమెరా ఇచ్చాను. ఆయన చూశాడు. ఫొటోని పెద్దది చేసి ఒక కన్ను చూశాడు. పక్కకి జరిపి ఇంకో కన్ను చూశాడు. ఎక్కడో వడ్రంగిపిట్ట చెట్టుని కొడుతోంది. ఆయన చేతుల్లో కెమెరా పట్టీ సన్నగా ఊగుతోంది. ఈసారి చేతులని దాచుకునే ప్రయత్నమేమీ చేయలేదు.

"బాగా వచ్చింది," అన్నాడు.

"గాలి ఆగింది కదా," అన్నాను.

"అవును. గాలి ఆగింది."

పొద్దున్నుంచీ గాలి లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన కెమెరాని నా మెడలో వేశాడు. టేబుల్ గుడ్డ దులిపి మడతపెట్టాడు. కొండ దిగాం.

ఆ వారమంతా భోజనాల దగ్గర చెంచాల చప్పుడే. ఆయన పొద్దున్నే కింది గదికి వెళ్ళేవాడు. చిన్న మోటారు శబ్దం వచ్చేది, ఆగేది, మళ్ళీ వచ్చేది. ఒకసారి ఏదో నేలకేసి కొట్టిన చప్పుడైంది. దిగి చూద్దామనుకుని మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. పని నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడిపోయేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆయన మీద జాలి కంటే నాకు విసుగే ఎక్కువగా ఉండేది. చెప్పి చావొచ్చు కదా అనిపించేది. మళ్ళీ, చెప్పేస్తే ఆ తర్వాత ఏమిటన్న భయం.

శనివారం సాయంత్రం దుకాణం మూసే వేళకి ఆయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చేతిలో చిన్న డబ్బా.

"గీనా అవ్వ పళ్ళు. ఇచ్చేసి వద్దాం పద."

"నేనెందుకు? నువ్వే ఇచ్చి రా."

"నువ్వూ రా," అన్నాడు.

గీనా అవ్వ మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టింది. ఆచారం ప్రకారం చిన్న పళ్ళాల్లో గులాబీ రేకుల మురబ్బా, పక్కన చన్నీళ్ళు పెట్టింది. పళ్ళు నోట్లో పెట్టుకుని దవడ అటూ ఇటూ ఆడించింది. మొహం చిట్లించింది. తిట్లు మొదలవుతాయని నేను తల వంచుకున్నాను.

అప్పుడు లూబెన్ చెంచా తీసుకున్నాడు. చెంచా గాజు పళ్ళానికి తగిలి టకటకమంది. ఆపలేకపోయాడు. మురబ్బా టేబుల్ గుడ్డ మీద పడింది. గీనా అవ్వ ఆ చెయ్యి వైపు చూసింది. తర్వాత ఆయన మొహం వైపు చూసింది.

"ఈసారి బాగానే ఉన్నాయిరా," అంది, పళ్ళు ఊడిపోకుండా నాలుకతో పట్టుకుని. "నా చిగుళ్ళే కరిగిపోయాయి. ముసలిదాన్ని."

"నీ చిగుళ్ళు బాగానే ఉన్నాయవ్వా," అన్నాడు లూబెన్. "నా చెయ్యే వణుకుతోంది. చలికాలం నుంచి. ఇక నేను చెయ్యలేను."

అంతే. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంత మామూలుగా మాట్లాడటం నేను వినలేదు. నా చెంచా నోటి దగ్గరే ఆగిపోయింది.

గీనా అవ్వ పళ్ళు తీసి డబ్బాలో పడేసింది.

"ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చు కదరా దరిద్రుడా! ఈస్టర్ ముందు నుంచి సూపు తాగి బతుకుతున్నాను. గొర్రెమాంసం అందరూ తిన్నారు, నేను వాసన చూశాను!" అని అరిచింది. ఆ తర్వాత పళ్ళాన్ని ఆయన వైపు జరిపింది. "తిను. పడితే పడనీ. గుడ్డ ఉతుక్కోవచ్చు."

ఆయన తిన్నాడు. సగం పడింది. మిగతా సగం తిన్నాడు.

ఇంటికి వస్తుంటే చర్చి గోడ దగ్గర ఆగాడు.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మా అక్క మీద అరిచినప్పటి నుంచి."

"ఆ కెమెరా తీసుకుంటే ఇంకేం సాకు ఉంటుంది చెప్పు? దాంతో కూడా మసకగా వస్తే దేన్ని తిట్టను?" అని కాస్త నవ్వాడు. "ప్రతి ఆదివారం నాకు నేను పరీక్ష పెట్టుకునేవాణ్ణి దోబ్రీ. ఒక్కటి స్పష్టంగా వస్తే చాలు, ఏమీ లేనట్టే అనుకునేవాణ్ణి."

"నన్నెందుకు తీసుకెళ్ళేవాడివి మరి?"

"ఒక్కణ్ణే వెళ్ళి ఫెయిలైతే ఇంటికి రావడం కష్టం."

నేను ఏడవలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆయన ఎదురుచూశాడు. తర్వాత నడిచాం.

ప్లోవ్‌దివ్ ఆసుపత్రిలో పరీక్షలు చేశారు. నడవమన్నారు, వేళ్ళు తట్టమన్నారు, కాగితం మీద సుడి గీతలు గీయమన్నారు. చివరికి డాక్టరు పార్కిన్సన్ అని చెప్పి, మాత్రలు రాసి, చాలామంది దీనితోనే చాలాకాలం బతుకుతారని అన్నాడు. ఆ మాట ఓదార్పో హెచ్చరికో మాకు అర్థం కాలేదు. కింది గదిలోని మోటారు, అచ్చులు జూన్‌లో వేరే ఊరి మనిషికి ఇచ్చేశాం. గీనా అవ్వకి డాక్టర్ వెలిచ్కోవా వేరేచోట పళ్ళు చేయించింది. అవి సరిగ్గా కూర్చున్నాయట. అయినా, "లూబెన్ పళ్ళ అందం లేదు వీటికి," అని దుకాణంలో అందరికీ చెప్పింది. నేను ఆదివారాలు కూడా పొద్దున పూట పనికి ఒప్పుకున్నాను. వంట ఆయన చేయడం మొదలుపెట్టాడు. ఉల్లిపాయ ముక్కలు ఒక్కొక్కటీ బొటనవేలంత ఉండేవి.

పని దిగిన ఒక ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ అడవికి వెళ్ళాం. మొదట ఆయనకో ఆలోచన వచ్చింది. ఏం తియ్యాలో తను చూపిస్తాడట, నేను తియ్యాలట. సరేనన్నాను. నాచులో మోకాళ్ళు పెట్టాను.

"ఇంకా కిందికి. అంత కిందికి కాదు. ఊపిరి ఆపు. ఆపమన్నానా! వెలుగు ఎటుంది చూడు. నువ్వు రొట్టె కోస్తున్నట్టు నొక్కకు."

"లూబెన్."

"కుడివైపుకి కొంచెం. ఆ పురుగు వెళ్ళిపోతోంది, తొందరగా..."

"లూబెన్, ఒక మాట చెప్తా విను." లేచి నిలబడ్డాను. మోకాళ్ళు తడిసిపోయి ఉన్నాయి. "నాకు ఈ పురుగులంటే ఎప్పుడూ ఇష్టం లేదు. ఒక్క ఏడాది కూడా లేదు. నేను ఇక్కడికి వచ్చేది కూర్చోవడానికి. నా కాళ్ళు నొప్పి. నీ చేతులు పనిచెయ్యడం లేదని నా చేతులు అడుగుతున్నావు, పొద్దున్నుంచి అవి పిండి మూటలు మోశాయి. నీ ఫొటోలు నువ్వే తీసుకో."

అనేశాక భయమేసింది. ఆయన మొహం చూడలేకపోయాను.

"ఒక్క ఏడాది కూడానా?"

"ఒక్కటి కూడా."

"తూనీగ కళ్ళు?"

"అవి చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆ వసంతమంతా ఆ నవ్వు వినలేదు నేను. కెమెరా నా చేతిలోంచి తీసుకుని, టేబుల్ గుడ్డ మీద మెల్లగా, ఒక్కో మోచెయ్యీ ఆనించుకుంటూ పడుకున్నాడు. నేను వెళ్ళి దుంగ మీద కూర్చున్నాను. మీట చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"దోబ్రీ, ఇలా చూడు."

పడుకున్నచోటి నుంచే కెమెరా నా వైపు చాచాడు. వంగి చూశాను. ఆకుపచ్చటి మరక, దాని మీద గోధుమరంగు మరక.

"ఏమిటిది?"

"సాలీడు."

"ఎక్కడ?"

వేలు పెట్టి చూపించాడు. పగిలిన తెర మీద ఆ వేలు అటూ ఇటూ ఆడింది.

"నాకేం కనబడటం లేదు," అన్నాను.

ఆయన తెరని దగ్గరికి తీసుకుని చూశాడు. "నాక్కూడా," అన్నాడు.

చెరిపేస్తాడేమోనని చూశాను. చెరపలేదు. మోచేతుల కింద దిండు సర్దుకుని మళ్ళీ నాచులోకి వంగాడు. నేను బూట్లు విప్పి దుంగ మీద కాళ్ళు చాపుకున్నాను.